క్యూఆర్ కోడ్‌తో పాఠం: చెన్నై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బడులు తెరిచారు, కొత్త పుస్తకాలు చేతికొచ్చాయి. ఈసారి మన చెన్నై పాఠకుల నుంచి క్యూఆర్ కోడ్ల మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. టీచర్లు రాశారు, తల్లిదండ్రులు రాశారు, ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి కూడా రాశాడు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి ఇప్పుడు వీటికే జవాబులు ఇస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి పేట పేరు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతాను. క్లాసులో నలభై మంది. మా బడికి పిల్లలు ఫోన్ తేకూడదు, తేవాలని నేనూ అనుకోవడం లేదు. కానీ ట్రైనింగ్‌కు వెళ్లినప్పుడల్లా క్యూఆర్ కోడ్లు వాడి పాఠం చెప్పండి అంటున్నారు. పిల్లల దగ్గర ఫోన్ లేకుండా అదెలా కుదురుతుంది?
– ఒక తెలుగు టీచర్, జార్జ్ టౌన్

జవాబు: కుదురుతుంది టీచర్ గారూ. పిల్లల చేతిలో ఫోన్ లేకపోతేనే ఈ పని ఇంకా బాగా సాగుతుందని నా గట్టి నమ్మకం.

ముందు పాఠ్యపుస్తకం సంగతి చూద్దాం. కేంద్రం 2017లో దీక్ష అనే ఆన్‌లైన్ పాఠాల వేదికను మొదలుపెట్టింది. తమిళనాడులో 2018 నుంచి కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చినప్పుడు పాఠాల పక్కన ఆ వేదికకు తీసుకెళ్లే ఈ కోడ్లు కూడా అచ్చయ్యాయి. రేపు చెప్పబోయే పాఠం పక్కన కోడ్ ఉంటే దాన్ని ఈ రాత్రే ఇంట్లో స్కాన్ చేసి చివరిదాకా చూడండి. చాలామంది క్లాసులో అందరి ముందే మొదటిసారి తెరుస్తారు, అది సగం లోడయ్యి ఆగిపోతుంది, ఈలోపు పిల్లల ధ్యాస ఎటో పోతుంది, పీరియడ్‌లో పది నిమిషాలు అలాగే గడిచిపోతాయి. మీరు చూశాక ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ కోడ్ వెనక ఉన్నది కాగితం ఇవ్వలేనిదేనా? పద్యం రాగయుక్తంగా వినిపిస్తే అది కాగితం ఇవ్వలేదు. గుండె కవాటాలు ఎలా తెరుచుకుని మూసుకుంటాయో కదిలే బొమ్మలో చూపిస్తే అదీ ఇవ్వలేదు. అలా కాకుండా అదే పాఠం పీడీఎఫ్‌గా తెరుచుకుంటే వదిలేయండి, పుస్తకం చేతిలో ఉండగా మళ్లీ అదెందుకు? కింద మిగతావాళ్లకు రాసిన జవాబుల్లోనూ నేను తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాను.

ఇక మీ తరగతికి బాగా పనికొచ్చేది ప్లికర్స్ అనే యాప్. ప్రతి విద్యార్థికీ ఒక కాగితం కార్డు ఇస్తారు, దాని మీద నలుపు తెలుపు గడుల బొమ్మ ఉంటుంది. అది అచ్చంగా క్యూఆర్ కోడ్ కాదు గానీ ఆ జాతిదే. ఏ రెండు కార్డుల బొమ్మలూ ఒకలా ఉండవు. నాలుగు పక్కలా ఏ, బి, సి, డి అని సన్నటి అక్షరాలు ఉంటాయి. మీరు ప్రశ్న అడిగితే పిల్లలు తాము అనుకున్న జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు. మీరు మీ ఫోన్ కెమెరాను గది ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే చాలు, ఎవరు ఏ జవాబు చెప్పారో తెర మీదికి వచ్చేస్తుంది. పక్కవాళ్ల కార్డు చూసి తిప్పుకోవడం కష్టం, బొమ్మలే వేరు కదా. అన్నిటికంటే నాకు నచ్చేది, ఏడాదంతా నోరు విప్పని వెనక బెంచీ పిల్ల కూడా ఇందులో ప్రతి ప్రశ్నకూ జవాబు చెబుతుంది, తప్పు చెప్పినా క్లాసులో ఎవరికీ తెలియదు, మీకు మాత్రం తెలుస్తుంది. మొత్తానికి కావాల్సింది ఒక్క ఫోన్, నలభై కార్డులు. కార్డులు మందపాటి కాగితం మీద వేయించండి. మెరిసే లామినేషన్ వద్దు, లైటు వెలుగు పడితే కెమెరా చదవలేదు. వేళ్లు బొమ్మ మీద పడకుండా అంచులు పట్టుకోవడం మొదటి రోజే నేర్పించండి.

అయితే కార్డు ఎంత బాగున్నా ప్రశ్న బాగోకపోతే లాభం లేదు. తప్పు జవాబుల్ని ఏదో ఒకటి పెట్టి నింపేయకండి, ఒక్కో తప్పు వెనక ఒక్కో పొరపాటు ఉండేలా రాయండి. ఉదాహరణకు ‘మహేంద్రుడు’ ఏ సంధి అని అడిగి సవర్ణదీర్ఘం, గుణం, వృద్ధి, యణాదేశం అని నాలుగూ ఇచ్చారనుకుందాం. సవర్ణదీర్ఘం అన్నవాళ్లు ‘మహా’లోని దీర్ఘం ఒక్కటే చూశారు, పక్కన వచ్చేది ‘ఇ’ అని గమనించలేదు. వృద్ధి అన్నవాళ్లకు ఏత్వానికీ ఐత్వానికీ తేడా ఇంకా కుదురుకోలేదు. ఈ రెండు గుంపులకీ మీరు చెప్పాల్సింది వేరువేరు. క్లాసు మొత్తాన్ని కూర్చోబెట్టి సూత్రం మళ్లీ మొదటి నుంచి అప్పజెప్పిస్తే వీళ్లిద్దరి ఇబ్బందీ అలాగే మిగిలిపోతుంది. జవాబులు రెండుమూడు ముక్కలుగా చీలిపోతే వెంటనే సరైనది చెప్పేయకండి. పక్కపక్కన ఉన్నవాళ్లని రెండు నిమిషాలు వాదించుకోమని, మళ్లీ కార్డులు ఎత్తించండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి ఇదే పద్ధతిని ప్రచారం చేస్తున్నారు. మన సంధులకీ సమాసాలకీ ఇది చక్కగా సరిపోతుంది, ఒకసారి చేసి చూడండి.

ప్రశ్న: మేడమ్, మా పాప ఐదో తరగతి. ఈ మధ్య హోంవర్క్ అంతా క్యూఆర్ కోడ్‌లోనే ఇస్తున్నారు. ఇంట్లో ఫోన్ ఒక్కటే, అది మా ఆయనతో డ్యూటీకి వెళ్తుంది, రాత్రి తొమ్మిదికి గానీ రాదు. వచ్చాక పాప స్కాన్ చేస్తుంది, వీడియో అయిపోగానే దాని కింద ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. పది దాటినా పడుకోదు. టీచర్‌కు చెబితే ‘కాలం మారింది’ అన్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక అమ్మ, వేళచ్చేరి

జవాబు: అమ్మా, మీ టెన్షన్‌లో న్యాయం ఉంది. కోడ్‌తో ఇచ్చే ప్రతి హోంవర్క్‌కూ కాగితం మీద ఇంకో దారి ఉండాలి. ఇంట్లో ఫోన్ లేదనో, డేటా అయిపోయిందనో, నాన్న ఆలస్యంగా వచ్చాడనో ఒక పిల్ల హోంవర్క్ చేయలేకపోతే ఆ తప్పు పిల్లది కాదు, ఇచ్చిన పద్ధతిది. ఈ మాట మీరొక్కరే వెళ్లి చెబితే తేలిగ్గా తీసుకోవచ్చు. మీలాంటి తల్లిదండ్రులు ఇంకొందరు తప్పకుండా ఉంటారు, నలుగురు కలిసి పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. కోడ్ తీసేయమని అడగొద్దు. ‘కోడ్ ఉన్నా ఫర్వాలేదు, అది లేకుండా కూడా హోంవర్క్ పూర్తయ్యేలా ఇవ్వండి’ అని అడగండి. దీన్ని ఏ టీచరూ కాదనలేరు. పాఠశాలల్లో టెక్నాలజీ మీద యునెస్కో 2023లో ఇచ్చిన నివేదిక కూడా, నేర్చుకోవడానికి స్పష్టంగా మేలు చేసేచోటే దాన్ని వాడాలని చెప్పింది. కాబట్టి కాలం మారిందన్న జవాబు మీరు ఒప్పుకోనక్కర్లేదు.

ఇంట్లో మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ దగ్గర యాప్ పిన్నింగ్ అని ఉంటుంది (కొన్ని ఫోన్లలో పేరు కొంచెం వేరుగా ఉండొచ్చు, సెట్టింగ్స్‌లోని వెతుకు పెట్టెలో పిన్ అని కొట్టి చూడండి). దాన్ని ఆన్ చేసి యాప్‌ను పిన్ చేస్తే ఆ యాప్ ఒక్కటే పనిచేస్తుంది, బయటికి రావాలంటే లాక్ నంబర్ అడిగేలా పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో దీన్నే గైడెడ్ యాక్సెస్ అంటారు. కాకపోతే ఒకే యాప్‌లో ఒక వీడియో తర్వాత ఇంకో వీడియో రావడాన్ని ఇది ఆపదు. దానికి ఆటోప్లే తీసేయాలి, మీరు పక్కన కూర్చోవాలి.

ఇక టీచర్లకు ఒక విన్నపం. పిల్లలకు వీడియో ఇవ్వాల్సి వస్తే మూడు నిమిషాలు దాటనివ్వకండి. వీలైతే మీ గొంతుతో ఆడియోగా ఇవ్వండి. ఆడియో ఫైలు అయిపోతే అయిపోయినట్టే, కింద ఇంకోటి రాదు. పిల్లలకు కూడా తెలియని గొంతు కంటే వాళ్ల టీచర్ గొంతు వినడమే ఇష్టం.

ప్రశ్న: నేను లెక్కల టీచర్‌ని. వేసవి సెలవుల్లో కూర్చుని పది చాప్టర్లకు కోడ్లు తయారు చేశాను, ప్రింట్ వేయించి, లామినేట్ చేయించి గోడకు అతికించాను. ఇప్పుడు ఏది స్కాన్ చేసినా ‘ఈ కోడ్ గడువు ముగిసింది, డబ్బు కట్టండి’ అని వస్తోంది. ఉచితం అన్న సైట్‌లోనే చేశాను. ఏం చేయాలి?
– పెరంబూరు

జవాబు: మీ కష్టం వృథా పోయిందని చదివి చాలా బాధేసింది. ఇది మీ ఒక్కరికే జరగలేదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

క్యూఆర్ కోడ్లు రెండు రకాలు. మొదటి రకంలో మీ లింకు నేరుగా ఆ గడుల్లోనే ఉంటుంది. దీన్ని స్టాటిక్ అంటారు. దానికి గడువు ఉండదు, లింకు బతికున్నంత కాలం కోడ్ పనిచేస్తుంది. రెండో రకంలో గడుల్లో ఉండేది మీ లింకు కాదు, కోడ్ తయారు చేసిన కంపెనీ లింకు. స్కాన్ చేసినప్పుడు ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి మీ దగ్గరికి మళ్లుతుంది. ఇది డైనమిక్. దీనితో ఒక లాభం ఉంది, గోడ మీద కోడ్ మార్చకుండానే లోపలి లింకు మార్చుకోవచ్చు. కానీ తాళం వాళ్ల చేతిలో ఉంటుంది, వాళ్లు మళ్లించడం ఆపేస్తే మీ కోడ్ వట్టి బొమ్మ అయిపోతుంది. చాలా సైట్లు అడగకుండానే ఈ రెండో రకాన్నే చేసిస్తాయి, కొన్నాళ్లు ఉచితంగా నడిపి ఆ తర్వాత డబ్బు అడుగుతాయి.

నిజానికి క్యూఆర్ కోడ్‌కు ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. దీన్ని 1994లో తెచ్చిన జపాన్ సంస్థ డెన్సో, పేటెంట్ ఉన్నా ఆ హక్కును వాడుకోబోమని, ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసింది. 2000లో ఇది అంతర్జాతీయ (ఐఎస్ఓ) ప్రమాణం కూడా అయింది. మీరు కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్ వాడుతుంటే, తెరిచిన పేజీని షేర్ చేసే చోటే క్యూఆర్ కోడ్ తయారుచేసే వీలుంది, అది స్టాటిక్ కోడే ఇస్తుంది.

ఏ సైట్‌లో చేసినా ప్రింట్‌కు ఇచ్చే ముందు ఒక పరీక్ష పెట్టండి. ఫోన్ కెమెరా కోడ్ మీద పెట్టగానే, నొక్కకముందే, లింకు కనిపిస్తుంది కదా, అందులో ఉన్నది మీరు ఇచ్చిన చిరునామానా, లేక ఎప్పుడూ చూడని ఇంకో పేరా? మీదే అయితే నిశ్చింతగా ప్రింట్ వేయించుకోండి. ఇంకొకటి, లింకులు అన్నిటినీ ఒకచోట రాసి పెట్టుకోండి. ఇప్పుడు మీ దగ్గర ఆ జాబితా ఉంటే సాయంత్రానికల్లా పదీ మళ్లీ తయారైపోతాయి, పాత లామినేషన్ మీదే కొత్తవి అతికించొచ్చు.

గూగుల్ డ్రైవ్‌లో ఫైలు పెట్టి కోడ్ చేసేవాళ్లందరికీ చెబుతున్నాను, షేరింగ్‌లో ‘లింక్ ఉన్న ఎవరైనా’ అని మార్చారో లేదో చూసుకోండి. లేకపోతే స్కాన్ చేసిన ప్రతి ఒక్కరికీ అనుమతి అడగమని వస్తుంది. బడి ఇచ్చిన మెయిల్‌తో పెడితే కొన్నిసార్లు బడి బయటి వాళ్లకు అసలు తెరుచుకోదు. మీ ఫోన్‌లో ఎప్పుడూ తెరుచుకుంటుంది కాబట్టి మీకు తెలియదు, అందుకే ఇంకొకరి ఫోన్‌లో చూసి తీరాలి.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను తొమ్మిదో తరగతి. మా కిరాణా షాపులో పేమెంట్ స్టిక్కర్ సగం చిరిగి నూనె మరకలు పడి ఉంది, అయినా స్కాన్ అవుతోంది. చిరిగిపోయినా ఎలా చదువుతుంది? సైన్స్ ఎగ్జిబిషన్‌కి దీని మీద ఏమైనా చేయొచ్చా?
– ఒక విద్యార్థి, అన్నానగర్

జవాబు: చాలా మంచి ప్రశ్న బాబూ. తప్పకుండా చేయొచ్చు.

ముందు కథ విను. డెన్సో కంపెనీ కార్ల భాగాలు తయారు చేస్తుంది. వాటి పెట్టెల మీద గీతల బార్‌కోడ్లు అంటించేవాళ్లు, ఒక్కో దాంట్లో ఇరవై అక్షరాలకు మించి పట్టేవి కావు, అందుకని ఒకే పెట్టె మీద చాలా అంటించాల్సి వచ్చేది, పనివాళ్లు ఒక్కోటీ స్కాన్ చేస్తూ అలిసిపోయేవాళ్లు. అక్కడ ఇంజనీరుగా ఉన్న మసాహిరో హారాకు ఈ సమస్య అప్పగించారు. ఆయన గో అనే ఆట బాగా ఆడేవారు, గడుల పలక మీద నలుపు తెలుపు రాళ్లు పెట్టే ఆట అది. సమాచారాన్ని అడ్డంగానే కాక నిలువుగా కూడా దాచే ఆలోచన ఆ పలక నుంచే వచ్చిందని ఆయనే చెప్పారు.

మూడు మూలల్లో పెద్ద చతురస్రాలు చూశావు కదా, అవి కెమెరాకు ‘కోడ్ ఇక్కడుంది, ఇటు తిరిగి ఉంది’ అని చెప్పే గుర్తులు. చతురస్రం మధ్యలోంచి ఎటు గీత గీసినా నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు వెడల్పులు 1:1:3:1:1 నిష్పత్తిలో వస్తాయి. మామూలు అచ్చు కాగితాల్లో చాలా అరుదుగా కనిపించే నిష్పత్తి ఏదో వెతికి మరీ దీన్ని ఎంచుకున్నారు. నాలుగో మూలలో చతురస్రం లేదు కాబట్టే తలకిందులుగా పట్టుకున్నా కెమెరాకు దిక్కు తెలుస్తుంది.

చిరిగినా చదవడానికి కారణం రీడ్–సాలమన్ పద్ధతి. రీడ్, సాలమన్ అనే ఇద్దరు అమెరికన్లు 1960లో కనిపెట్టిన గణితం ఇది, సీడీల మీద గీతలు పడినా పాట వినిపించేదీ దీనివల్లే, వాయేజర్ అంతరిక్ష నౌక యురేనస్ దగ్గర నుంచి ఫొటోలు పంపడానికీ దీన్నే వాడారు. అసలు సమాచారంతో పాటు దాని నుంచే లెక్కగట్టిన అదనపు సంఖ్యల్ని కూడా కోడ్‌లో పెడతారు. తాళపత్రం మీద పద్యంలో ఒక అక్షరం పురుగు తినేస్తే, గణాలూ యతీ ప్రాసా సరిచూసి అక్కడ ఏ అక్షరం ఉండాలో పండితులు చెప్పగలుగుతారు చూడు, ఇదీ అలాంటిదే. ఇందులో నాలుగు స్థాయిలున్నాయి, ఎల్, ఎం, క్యూ, హెచ్. వరుసగా సుమారు 7, 15, 25, 30 శాతం పాడైనా తిరిగి రాబడతాయి. స్థాయి పెరిగితే గడులూ పెరుగుతాయి.

ఎగ్జిబిషన్‌కి ఇది చెయ్యి. ఒకే వాక్యానికి ఎల్ స్థాయిలో ఒక కోడ్, హెచ్ స్థాయిలో ఒక కోడ్ ప్రింట్ వేయించు. చిన్న నల్ల కాగితం ముక్కలు కత్తిరించి కోడ్ మధ్యలో ఒక్కోటీ పెడుతూ, ఎన్నో ముక్క దగ్గర చదవడం ఆగిపోతుందో రెండిటికీ విడివిడిగా రాసుకో. ఆ తర్వాత అవే ముక్కలు మూల చతురస్రం మీద పెట్టు. అక్కడ కొద్దిగా కప్పినా కష్టమవుతుంది, ఎందుకో ఈపాటికి నీకే తెలిసిపోయి ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ల చేత కూడా ముక్కలు పెట్టించు, నువ్వు చెప్పడం కంటే వాళ్లు చేసి చూస్తేనే బాగుంటుంది. కోడ్‌లో లింకు బదులు మామూలు వాక్యమే పెట్టు, అప్పుడు ఎగ్జిబిషన్ హాల్లో నెట్ లేకపోయినా ఆగదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పిస్తున్నాను. అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు. బడిలో తమిళం, ఇంగ్లిష్, హిందీ. తెలుగు పుస్తకం ఇస్తే రెండు లైన్లు కూడబలుక్కుని పక్కన పెట్టేస్తున్నారు. క్యూఆర్ కోడ్లతో ఏమైనా చేయొచ్చా?
– షోళింగనల్లూరు

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ కదిలించింది మీదే. చెన్నైలో పుట్టి పెరిగిన మన పిల్లల పరిస్థితి సరిగ్గా ఇదే, చెవికి తెలుగు వచ్చు, కంటికి రాదు. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి పాఠమైంది. ఇక్కడ బతికే పిల్లలు తమిళం నేర్చుకోవడం మంచిదే, కానీ ఆ తర్వాత తెలుగుకు మిగిలేది ఇంటి దగ్గర గంట, మీలాంటివాళ్ల ఆదివారం గంట. ఆ గంటలో చెవి సాయంతో కంటికి నేర్పాలి. దానికి కోడ్ నిజంగా పనికొస్తుంది.

ఇలా చేయండి. పెద్ద అక్షరాలతో అర పేజీ కథ, దాని పక్కన ఒక కోడ్. ఆ కోడ్‌లో అదే కథ నెమ్మదిగా చదివిన గొంతు. పిల్ల వింటూ మాట మాటకీ వేలు పెడుతూ వెళ్లాలి. రెండోసారి గొంతుతో పాటు తానూ చదవాలి. మూడోసారి కోడ్ లేకుండా చదవాలి, ఇది మర్చిపోకండి, లేదంటే వినడంతోనే ఆగిపోతారు. గొంతు ఎవరిది పెడతారన్నది ముఖ్యం. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న అమ్మమ్మ, తాతయ్యలకు కథ పేజీ ఫొటో పంపి వాళ్ల చేత చదివించి ఆడియో తెప్పించుకోండి. వాళ్లు చదువుతూ మధ్యలో ‘ఇదిగో బంగారం, ఇక్కడ వత్తు చూడు’ అంటే దాన్ని కత్తిరించకండి. కొన్నాళ్లయ్యాక తిప్పి చేయండి, పిల్ల చదివినది రికార్డు చేసి, ఆ కోడ్‌ను తాతయ్యకు పంపండి. చదవడానికి అప్పుడు పిల్లకొక కారణం దొరుకుతుంది.

ఇది నా సొంత ఆలోచనేం కాదు. మహారాష్ట్రలో సోలాపూర్ జిల్లా పరితేవాడి అనే ఊళ్లో జిల్లా పరిషత్ టీచర్ రంజిత్‌సింహ్ దిసలే ఇలాంటి పరిస్థితినే ఎదుర్కొన్నారు. కర్ణాటక సరిహద్దు ప్రాంతం కాబట్టి పిల్లలు ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు, పుస్తకాలు వాళ్ల భాషలో లేవు. ఆయన కన్నడం నేర్చుకుని పాఠాలను అనువదించారు, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు పెట్టి వాటిలో ఆడియో పద్యాలు, వీడియో పాఠాలు, కథలు, అభ్యాసాలు ఇచ్చారు. 2020 డిసెంబర్‌లో ఆయనకు గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. పది లక్షల డాలర్లలో సగం మిగిలిన తొమ్మిది మంది ఫైనలిస్టులకు పంచేశారు. పేపర్లన్నీ అప్పుడు కోడ్ల గురించే ఎక్కువ రాశాయి. నాకు మాత్రం ఆయన ముందు పిల్లల భాష నేర్చుకోవడమే పెద్ద విషయంగా కనిపిస్తుంది, కోడ్‌లో పెట్టడానికి ఏదైనా ఉండటం ఆ తర్వాతే సాధ్యమైంది.

తెలుగు వాక్యాల్ని నేరుగా కోడ్‌లో పెట్టాలనుకుంటే ఒక సంగతి తెలిసి ఉండాలి. ఇంగ్లిష్ అక్షరం ఒక్క బైటు (కంప్యూటర్‌లో సమాచారాన్ని కొలిచే చిన్న కొలత) తీసుకుంటుంది, తెలుగులో ప్రతి హల్లు, ప్రతి గుణింతపు గుర్తు, ప్రతి పొల్లు గుర్తు విడివిడిగా మూడేసి బైట్లు తీసుకుంటాయి. కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ లోపల ఆరు ముక్కలు, అంటే 18 బైట్లు. అతి పెద్ద క్యూఆర్ కోడ్ 177 గడుల పొడవు, అంతే వెడల్పు ఉంటుంది, అందులో ఎక్కువలో ఎక్కువ 2,953 బైట్లు పడతాయి, అయితే అంత దట్టమైన కోడ్‌ను మామూలు ఫోన్ చదవడం కష్టం. నాలుగు పాదాల ఆటవెలది పద్యానికి సుమారుగా 400 బైట్ల లోపు పడుతుంది, అది హాయిగా పనిచేస్తుంది, కాకపోతే నాలుగు సెంటీమీటర్లకు తగ్గించి ప్రింట్ వేయకండి. పొడుపు కథకు జవాబు, పదానికి అర్థం లాంటి చిన్నవాటికి ఇది బాగుంటుంది, నెట్ అక్కర్లేదు. పొడుపు కథ కాగితం మీద రాసి, జవాబు కోడ్‌లో పెట్టండి. పిల్లలు వాళ్ల పొడుపు కథలు వాళ్లే రాసి, జవాబు తెలుగులో టైప్ చేసి కోడ్ చేయడం మొదలుపెడితే ఇంకా మంచిది. వత్తు తప్పు పడితే జవాబు తప్పుగా తెరుచుకుంటుంది కాబట్టి వాళ్లే సరిచూసుకుంటారు.

ప్రశ్న: మా మనవడి బడిలో పిల్లలు చేసిన ప్రాజెక్టుల వీడియోలకు కోడ్లు పెట్టి కారిడార్ అంతా అతికించారు. ఎవరైనా స్కాన్ చేసి చూడొచ్చు. అంతా బాగుందంటున్నారు. ఈ కోడ్లతో మోసాలు జరుగుతున్నాయని పేపర్లో చదివాను, భయపడాల్సిన పని లేదా?
– ఒక తాతయ్య, చూళై

జవాబు: అయ్యా, రెండు భయాలూ సబబైనవే. బయటి వాళ్లు తిరిగే చోట పిల్లల ముఖం, పేరు, తరగతి కనిపించే వీడియో పెట్టకూడదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. బడివాళ్లని మర్యాదగా అడగండి, అనుమతి పత్రం తీసుకున్నారా, వీడియోలో పిల్లల చేతులూ వాళ్లు చేసిన వస్తువులూ చూపిస్తే సరిపోదా అని.

మోసం సంగతికొస్తే, ఎక్కువగా అసలు కోడ్ మీద ఇంకో స్టిక్కర్ అతికించి చేస్తారు. స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే స్కాన్ చేయొద్దని, లింకు చదివాకే నొక్కమని మనవడికి చెప్పండి. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకే డబ్బు వస్తుంది అన్నారంటే అది మోసమే. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: మా బడిలో మెట్ల మీద, గోడల మీద, చెట్ల మీద అన్నిచోట్లా కోడ్లు పెట్టాలని మేనేజ్‌మెంట్ ఆలోచన. సైజు ఎంత ఉండాలి, ఎన్ని పెట్టాలి?
– ఒక హెచ్ఎం, తిరువొత్తియూరు

జవాబు: సైజుకు సులువైన లెక్క ఉంది, స్కాన్ చేసే దూరంలో పదో వంతు. చేతిలో పట్టుకునే కాగితం మీద రెండున్నర సెంటీమీటర్లు చాలు, రెండు మీటర్ల దూరం నుంచి చదవాలంటే ఇరవై సెంటీమీటర్లు కావాలి. చుట్టూ నాలుగు గడులంత తెల్ల అంచు వదలాలి, అందం కోసం ఆ అంచులో పూలు, బోర్డర్లు వేయకండి. నలుపు మీద తెలుపు కోడ్లు కొన్ని ఫోన్లు చదవవు, తెలుపు మీద నలుపే పెట్టించండి.

ఎన్ని పెట్టాలన్నదానికి నా సలహా, తక్కువ. మెట్ల మీద అసలు వద్దు సార్, పిల్లలు పరుగెత్తే చోట ఎవరూ ఆగి చూడకూడదు. చెట్ల మీద మాత్రం పెట్టించండి. కాకపోతే నెట్‌లో దొరికే సమాచారం తెచ్చి అతికించకుండా ఒక్కో చెట్టును ఒక్కో తరగతికి అప్పగించండి. వేప, కానుగ, బాదం, మీ ఆవరణలో ఏముంటే అవి. ఎప్పుడు ఆకు రాలుస్తోంది, ఎప్పుడు పూస్తోంది, ఏ పిట్టలు వాలుతున్నాయి, చుట్టుకొలత ఎంత, ఇవన్నీ పిల్లలే ఏడాదంతా చూసి రాయాలి, వాళ్ల గొంతుతోనే తెలుగులోనూ తమిళంలోనూ చెప్పాలి. కోడ్ పలకను మేకుతో కొట్టించకండి, వదులుగా తాడుతో కట్టించండి. ప్రతి టర్మ్ మొదటి వారంలో ఇద్దరు పిల్లలకు ఒక ఫోన్ ఇచ్చి, ఒక టీచర్‌ను తోడు పంపి, అన్ని కోడ్లూ స్కాన్ చేయించండి. తెరుచుకోనివి అదే రోజు తీసేయించండి.